కారు కింద గౌళి

నేను ఒక పెట్రోలు పంపును. ఈ మాట వినగానే మీకు రోడ్డు పక్కన పెద్ద రేకుల కప్పు, గొట్టం పట్టుకున్న మనిషి, వరసలో మోటారు సైకిళ్ళు కళ్ళ ముందు ఆడతాయి. అది నేను కాదు. దాన్ని బంకు అనండి. నేను అరచేతిలో పడతాను. పాత కారు కింద, ట్యాంకు పక్కన, దుమ్ములో బతుకుతాను. ట్యాంకులో ఉన్న పెట్రోలును ఇంజను దాకా పంపడం నా పని. పంపేది కాబట్టి పంపు. పేరు ఇంగ్లీషువాడు పెట్టినా తెలుగువాడు పెట్టినట్టే కుదిరింది.

నాలో ఒక రబ్బరు పొర ఉంది. కరెంటు తగలగానే రాగి తీగచుట్ట ఆ పొరను లాగుతుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. లాగినప్పుడు ట్యాంకులోంచి గుక్కెడు పెట్రోలు లోపలికి వస్తుంది. తోసినప్పుడు ఇంజను వైపు పోతుంది. ప్రతి గుక్కకూ ఒక టిక్కు. ఇంజను దగ్గర కార్బరేటరు అనే చిన్న గిన్నె ఉంటుంది. అది నిండగానే ఒక సూది లేచి దారి మూస్తుంది. ఇక నేను తోసినా కదలదు కాబట్టి ఊరుకుంటాను. గిన్నె తగ్గితే మళ్ళీ టిక్కంటాను. నా మాట ఇంతే. ఇంతకు మించి నాకు భాష లేదు.

నేను పుట్టింది కోయంబత్తూరు శివార్లలో, ఒక రేకుల షెడ్డులో. అల్యూమినియం కరిగించి అచ్చులో పోశారు. చివరికి ఒక ఆడమనిషి నా పొర బిగించి, చెవి దగ్గర పెట్టుకుని కరెంటు ఇచ్చింది. టిక్కన్నాను. తల ఊపి పెట్టెలో పెట్టింది. నా చప్పుడును చప్పుడుగానే విన్నవాళ్ళు తక్కువ. ఆమె మొదటిది.

మొదటిసారి నాలోకి పెట్రోలు వచ్చినప్పుడు చల్లగా వచ్చింది. పెట్రోలుకు ఒక నిద్ర ఉంటుంది. భూమి మీద మనిషన్నవాడు లేని రోజుల్లో, వెచ్చటి సముద్రాల్లో తేలిన నాచు, కంటికి ఆనని పురుగులు, అడుక్కి దిగి, మట్టి కప్పుకుని కోట్ల ఏళ్ళు పడుకున్న నిద్ర అది. ఆ నిద్ర నా పొరకు తగిలినప్పుడల్లా నాకు కల వస్తుంది. అలలు కనిపిస్తాయి, ఒడ్డు కనిపించదు. కారు రోడ్డు మీద పోతూ ఉంటుంది, నేను సముద్రం అడుగున ఉంటాను. అందుకే నేను చెప్పేదాంట్లో కొంత కల ఉంటుంది. అబద్ధం ఉండదు. అబద్ధానికి నాలుక కావాలి.

నన్ను ముందు కొన్నది సికింద్రాబాదులో ఒక వకీలు. ఆయన భార్య కారెక్కిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేది. "ఎవరో వెనక కూచుని గోళ్ళు కొరుకుతున్నట్టుందండీ" అంది. నెల తిరక్కుండా నన్ను విప్పేశారు. కొన్న అంగడికే, రాణిగంజులో కార్ల సామాన్లు అమ్మే సేఠు దగ్గరికే, తిరిగి వచ్చాను. అట్టపెట్టెలో చాలాకాలం పడి ఉన్నాను. నాలో మిగిలిన చుక్క పెట్రోలు ఆవిరైపోయింది. కలలు కూడా ఎండిపోయాయి.

అక్కడికి నంద్యాల నుంచి మద్దిలేటి సారు వచ్చాడు.

బడిలో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మనిషి. అందరూ డ్రాయింగు సారు అంటారు. ఒక రైసుమిల్లు షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఇంగ్లండులో తయారైన పాత సీమకారును ఇంటికి తెచ్చుకుని, తాబేలు వీపులాంటి దాని పైకప్పుకు తానే ఆకుపచ్చ రంగు వేసుకున్నాడు. ఆ కారుకు ఒక జబ్బు ఉంది. దాని పాత పంపు ఇంజనుకు అంటుకుని ఉండేది. ఎండాకాలంలో ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయేది. ఆవిరిని లాగితే ఏం వస్తుంది? కారు ఆగిపోయేది. గిద్దలూరులో ఉన్న మరదలి ఇంటికి బయలుదేరినప్పుడల్లా నల్లమల ఘాటులో ఆగేది. సారు భార్య నాగేంద్రమ్మ తాగే నీళ్ళతో గుడ్డ తడిపి ఆ పంపు మీద కప్పేది. జ్వరం వచ్చిన బిడ్డకు వేసినట్టు.

అందుకని సారు కరెంటు పంపు కోసం వచ్చాడు. సేఠు కొత్త పెట్టె ఒకటి విప్పాడు.

"ఇది తీస్కోండి సార్. ఇప్పటి కార్లల్ల ఇదే ఏస్తున్నరు. మస్తు ప్రెషర్."

"ఆ ప్రెషరే వద్దంటాండా. నాది పాత బండి. కార్బరేటరు సూది మూడు పౌండ్లకు మించి ఓర్చుకోదు. ఇది బిగిస్తే గిన్నెతో సహా లేచిపోతాది."

"అయితే ఈ చిన్నది చూడుండ్రి. లోపల అంతా ఎలక్ట్రానిక్. చప్పుడే రాదు."

"నా బండికి బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉంటాది. దీనికి మైనస్సు ఉండాల. తగిలించిన పూటే కాలిపోతాది."

"ప్లస్సు బాడీకా!" సేఠు నవ్వాడు. "అది కారా, మ్యూజియమా సార్?"

"మా ఆమె కోళ్ళగూడు అంటది."

సేఠు లోపలికి వెళ్ళి నన్ను తెచ్చాడు. "గిదొక్కటే ఉంది. పాతది. ప్లస్సో మైనస్సో, ఏదిచ్చినా నడుస్తది. టిక్కు టిక్కు అంటదని ఒక వకీలు సాబ్ వాపస్ ఇచ్చిండు."

"ఏదీ, పలికించు."

బ్యాటరీకి తగిలించారు. పలికాను. సారు ముఖం వంచి విన్నాడు.

"ఇదీ కావాల. పని చేసేది వినపడాల. చప్పుడు లేనిదాన్ని ఎట్ల నమ్మేది?"

నేను తోసేది నాలుగు పౌండ్లు. ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు ఒకటి మధ్యలో బిగించుకోమని సేఠు చెప్పాడు. సారు జేబులోంచి డబ్బులు తీశాడు.

"ఒక్క పౌండే గదా. సర్దుకుంటాది."

సర్దుకుంటాది. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. కొలతలు తెలిసిన మనిషి కొలత చివర ఆ మాట పెట్టుకున్నాడు.

నన్ను బిగించింది రైల్వే గేటు దగ్గర షెడ్డు ఉన్న మాబు. చేయి మంచిదే. తొందర మనిషి. పాత పంపు ఉన్నచోటే, ఇంజను పక్కనే నన్ను పెట్టాడు.

"వెనక ట్యాంకు కాడ పెట్టాలంట మాబూ" అన్నాడు సారు.

"అత్త పోయినాక కోడలు కూచునేది ఆ పీట మీదనే గదా సారూ. పాతదున్నకాడే కొత్తదుండాల."

అత్తకు పట్టిన జ్వరమే కోడలికీ పట్టింది. నేను లాగే జంతువును కాను, తోసే జంతువును. అంత దూరం నుంచి లాగలేను. పైగా ఇంజను వేడి. ఘాటు సగం ఎక్కేసరికి నా గొంతులోకి పెట్రోలుకు బదులు వేడి గాలి వచ్చింది. ఒడ్డు లేని సముద్రం ఒక్కసారి ఇసుక అయిపోయింది. కారు ఆగింది.

"ఇంగ దీనికి యాడ కప్పాల తడిగుడ్డ?" అంది నాగేంద్రమ్మ. "నెత్తి మీదనా, కాళ్ళ మీదనా? పాతదైతే నాకు అలవాటుండె."

తిరిగి వచ్చాక మాబు నన్ను విప్పి వెనక్కి, ట్యాంకు కంటే కిందికి, డిక్కీ రేకుకు బిగించాడు. రేకు అదరకుండా మధ్యలో రబ్బరు కావాలన్నాడు. సారు ఇంట్లోకి వెళ్ళి ఒక హవాయి చెప్పు తెచ్చి కోశాడు. నాగేంద్రమ్మ వీధిలోకి వచ్చింది.

"అది నాది గదయ్యా!"

"వారు తెగింది గదా."

"తెగింది ఒకదానికే. నువ్వు కోసింది రెండోదాన్ని!"

మాబు కారు కింద నుంచే నవ్వాడు. ఆ రోజు నుంచి నేను నాగేంద్రమ్మ చెప్పు మీద కూర్చున్నాను.

తర్వాతి ప్రయాణం నాకు కలలోదా నిజమా తెలియదు. ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే నాలోకి జారింది. నేను తోశాను. గేరు మారింది, మళ్ళీ మారింది. వంపు తర్వాత వంపు. రోడ్డు వేడి తగ్గి, అడవి చల్లదనం నా ఒంటికి తగిలింది. పైన కారు పోతోంది, కింద నేను నీళ్ళలో ఊగుతున్నాను. వెదుళ్ళు రాసుకునే చప్పుడు అలల చప్పుడులా ఉంది. ఎప్పుడూ ఆగే వంపు దాటిపోయింది.

"ఏమయ్యా, నిలబడలేదే!" అంది నాగేంద్రమ్మ.

ఆ గొంతులో సంతోషం ఉంది. కాస్త వెలితి కూడా ఉంది. ఇన్నేళ్ళూ ఆ వంపులో కారు ఆగినప్పుడు వాళ్ళు చెట్టు కింద కూర్చుని సద్ది తినేవాళ్ళు. పని సక్రమంగా జరిగితే మనుషులకు ఏదో పోయినట్టు ఉంటుంది.

ఆ తర్వాత గౌళి వచ్చింది.

బల్లిని ఆ వైపు వాళ్ళు గౌళి అంటారు. మనిషి ఏదైనా మాట అన్నప్పుడు గోడ మీద గౌళి టిక్కుమంటే ఆ మాట నిజమవుతుందని నమ్మకం. వెంటనే వేలితో నేలనో గోడనో తట్టి 'సత్యం' అంటారు. గౌళికి పురుగు దొరికి పలికిందో, దొరక్క పలికిందో ఎవరూ ఆలోచించరు.

సారుకు ఒక అలవాటు. తాళం చెవి తిప్పి, నేను గబగబా కొట్టుకుని గిన్నె నింపేదాకా కూర్చుంటాడు. నేను ఆగాక స్టార్టరు గుబ్బ లాగుతాడు. ఆ మధ్యలో కాస్త మౌనం ఉంటుంది. నా నాలుగు పౌండ్లను మూడు పౌండ్ల సూది ఆపలేకపోయేది. సందులోంచి చుక్క చుక్క కారేది. కారినప్పుడల్లా ఆ మౌనంలో నేను ఒక్క టిక్కు అనేదాన్ని.

"ఈ పొద్దు వాన పడతాది" అంది నాగేంద్రమ్మ ఒక రోజు. టిక్కన్నాను.

"అయ్యో సామీ, బండిలో గౌళి ఉండాది!" వేలితో ముందున్న రేకును తట్టింది. "సత్యం, సత్యం."

సాయంత్రానికి వాన పడింది. ఆ వారమంతా రోజూ పడుతూనే ఉంది. అది ఎవరికీ గుర్తు రాలేదు.

సారు నవ్వుకున్నాడు. చెప్పలేదు. అది పంపు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు సరికదా, ఆటగా మార్చుకున్నాడు. తాళం తిప్పి, నేను ఆగాక, "మా నాగేంద్రమ్మ చేసినట్టు ఉగ్గాని నంద్యాలలో ఇంగెవురూ చేయలేరు" అనేవాడు. అని, నేను టిక్కనేదాకా గుబ్బ లాగకుండా కాచుకునేవాడు. టిక్కనగానే ఆమె రేకు తట్టేది. "గౌళి కూడా నీ మాదిరే అబద్ధాలు నేర్సింది" అని నవ్వేది. ఆ నవ్వు సీటు రేకుల గుండా నా దాకా దిగేది. అవి వాళ్ళ మంచి రోజులు. కాదనను.

మాబు ఒకసారి నూనె మార్చడానికి కారు తీసుకున్నాడు.

"సారూ, గిన్నె నిండినాక గూడా టిక్కుమంటాంది. సూది కారతాంది. కొత్త సూదన్నా ఎయ్యండి, ఒత్తిడి తగ్గించేదన్నా పెట్టండి."

"ఉండనీలేప్పా. మా ఆమె దాన్ని గౌళి అనుకుంటాంది."

"గౌళా!" మాబు పకపకా నవ్వాడు. "పెట్రోలు కారతాంటే ఒకనాడు అంటుకుంటాది సారూ. గౌళి తోక గూడా మిగలదు."

"సర్దుకుంటాదిలే."

ఒక సాయంత్రం పాణ్యం వైపు నుంచి వస్తున్నాం. నాగేంద్రమ్మ మెల్లగా అంది.

"ఎదురొచ్చే లారీల దీపాల సుట్టూ రంగులు గుండ్రంగా కనపడతాండాయి. ఇంద్రధనుస్సు మాదిరి. బలే బాగుండాదయ్యా."

"రంగులా? నాకు కనపడవే" అన్నాడు సారు. బొమ్మలు గీసే మనిషి. ఆ గొంతులో కాస్త అసూయ కూడా ఉంది.

ఆ రంగులు చాలాకాలం ఉన్నాయి. ఆమె వాటిని రోజూ వర్ణించేది. నేను కింద వింటూ, సముద్రం అడుగు నుంచి చూస్తే వెలుతురు అలాగే చీలి కనిపిస్తుందేమో అనుకునేదాన్ని. తర్వాత తలనొప్పి మొదలైంది. కుడి వైపు నుంచి వచ్చే సైకిలు ఆమెకు తెలియడం మానేసింది. చివరికి కర్నూలులో కంటి ఆసుపత్రికి బయలుదేరారు. బట్టల సంచి కూడా పెట్టుకున్నారు.

లోపల డాక్టరమ్మ ఏం చెప్పిందో నేను వినలేదు. వాళ్ళు కారు దగ్గరికి తిరిగి వచ్చాక విన్నది చెబుతున్నాను. సంచి తీసుకుపోవడానికి వచ్చారు. తీయలేదు. ఇద్దరూ కార్లో కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. రేకు కాలుతోంది.

"నీటికాసులంట" అంది నాగేంద్రమ్మ. "కంట్లో నీళ్ళు దిగే దారి మూసుకుపోయిందంట. లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కతాందంట. ఈ పొద్దే చేరమంటాది."

"ఊఁ."

"కత్తి పెట్టి దారి తెరుస్తారంట. కంట్లో, కత్తి."

"ఊఁ."

ఒత్తిడి అంటే ఏమిటో నాకు తెలుసు. నా బతుకే ఒత్తిడి. దారి మూసుకుపోయినచోట తోస్తూనే ఉంటే ఏదో ఒకటి చితుకుతుంది. సారుకూ తెలుసు. రాణిగంజులో పౌండ్లు లెక్క చెప్పిన మనిషి. కానీ ఆయనకు ఆమె కంటే భయం ఎక్కువ. ఊపిరిలో వినిపిస్తోంది. ఉండమని చెప్పడానికి నోరు రాలేదు. పోదామని చెప్పడానికి మనసొప్పలేదు. ఊరికే తాళం చెవి తిప్పాడు. చేతులకు ఏదో ఒక పని కావాలి గదా. నేను గబగబా కొట్టుకుని, గిన్నె నింపి, ఆగాను.

"ఇంటికి పోదాం పా" అంది ఆమె. "పాణ్యం కాడ పసరు పోసేటాయన ఉండాడు. ఆ పసరుకే తగ్గిపోతాది."

అప్పుడు సూది కారింది. టిక్కన్నాను.

"విన్యావా? గౌళి పలికె!" ఆమె గొంతు ఎంత తేలికపడిందో. వేలితో రేకు తట్టింది. "సత్యం, సత్యం. పోనీయయ్యా."

సారు గుబ్బ లాగలేదు. అది పంపు, గౌళి కాదు. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకు తగినంత సమయం ఉంది. ఆసుపత్రి గేటు ముందు ఎవరో చెరుకు రసం మిషను తిప్పుతున్నారు, గజ్జెలు మోగుతున్నాయి. నేను ఎదురుచూశాను. మనుషులకు తాము కోరుకున్న మాట ఇంకొకరి నోట రావాలి. నోరు లేనిదాన్ని దొరికాను.

"సర్దుకుంటాదిలే" అన్నాడు సారు. గుబ్బ లాగాడు.

దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. నేను నా పని చేశాను. ఇంజను అడిగినంత పంపాను. ఆ రోజు నాకు కల రాలేదు.

పసరుకు మంట పుట్టింది. మంటపుడితే పనిచేస్తున్నట్టే అన్నాడట పసరాయన. వేసవి పోయి వానలు వచ్చాయి. కుడి కన్ను మొత్తం పోయింది. ఎడమ కంట్లో ఒక పక్క పొగ కమ్మింది. రంగులు కూడా పోయాయి.

సారు ఆమెను రోజూ సాయంత్రం కార్లో తిప్పేవాడు. కనిపించేవన్నీ చెప్పేవాడు. మబ్బు ఏ రంగులో ఉంది, మడిలో కొంగలు ఎట్లా వాలాయి, పొద్దుతిరుగుడు చేను ఎటు తిరిగింది. బాగా చెప్పేవాడు. మాటలతో బొమ్మలు గీసేవాడు. ఆమె "ఆఁ, ఆఁ" అనేది. కన్ను మసకబారినకొద్దీ ఆమె చెవి తేటపడిందని నేను గమనించాను. ఆయన గమనించలేదు.

ఒక సాయంత్రం రైల్వే గేటు పడింది. సారు ఇంజను ఆపాడు. రైలు ఆలస్యమయ్యేట్టుంది. కాసేపటికి, గేటు తీస్తారేమోనని తాళం తిప్పి ఉంచాడు. నేను కొట్టుకుని ఆగాను.

"ఈ ఏడు శెనక్కాయ బాగా పండేట్టుండాది" అన్నాడు ఏదో ఒకటి అనాలని.

టిక్.

ఆమె రేకు తట్టలేదు.

"తాళం ఆపు" అంది.

"ఎందుకు?"

"ఆపయ్యా."

ఆపాడు. నాకు కరెంటు పోయింది. ఒక్క టిక్కూ లేదు. గేటు అవతల మేకలు అరుస్తున్నాయి.

"ఇప్పుడు తిప్పు."

తిప్పాడు. టిక్కు, టిక్కన్నాను. ఆగాను. మళ్ళీ ఆపమంది. మళ్ళీ తిప్పమంది. ఆమె సీట్లో వెనక్కి తిరిగి, రేకుకు చెవి ఆనించింది. ఆమె ఊపిరి వెచ్చదనం కూడా నాకు తెలిసినట్టు అనిపించింది. అది కల కావచ్చు.

"గౌళికి తాళం చెవి ఎందుకయ్యా?"

ఆయన తాళం ఆపేశాడు.

"ఏందిది?"

"పెట్రోలు పంపు."

"నీకు మొదటి నుంచీ తెలుసా?"

"తెలుసు."

"ఆ పొద్దు ఆసుపత్రి కాడ?"

రైలు వచ్చింది. గూడ్సు బండి. అది పోయేదాకా నేల అదిరింది, నేను అదిరాను. ఆయన జవాబు చెప్పాడేమో నాకు వినపడలేదు. రైలు పోయాక ఆమె అడగలేదు. అంటే చెప్పాడన్నమాట.

తలుపు తెరిచిన చప్పుడు. ఆమె దిగింది.

"మాబూ! ఓ మాబూ! షెడ్డులో ఉండావా?"

"ఉండా అమ్మా!" పరుగున వచ్చాడు.

"నన్ను బస్టాండు కాడ దించప్పా. కర్నూలు పోవాల. ఎడమ కంట్లో ఇంగా కొంచెం ఉండాది."

"బండి ఉండాది గదా నాగేంద్రా. నేను తీసకపోతా" అన్నాడు సారు.

"ఒకతూరి తీసకపోయినావు గదా."

అంతే అంది. అరవలేదు. ఏడవలేదు. మాబు మోటారు సైకిలు చప్పుడు దూరమైంది. గేటు తీశారు. వెనక లారీలు హారను కొట్టాయి. మా కారు కదలలేదు. ఎవరో వచ్చి, "ఏం పెద్దాయనా, పెట్రోలు అయిపోయిందా?" అని అడిగి, కారును పక్కకు నెట్టారు.

మర్నాడు సారే కారు కింద దూరి నన్ను విప్పాడు. నట్టు తుప్పు పట్టి వేలు చీరుకుంది. నన్ను మాబు చేతిలో పెట్టి, "ఇది మా ఇంటి సాయలకు రాగూడదు" అన్నాడు. కొత్తది బిగించమంటారా అని మాబు అడిగాడు. సారు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కారు మాబు షెడ్డు పక్కనే నిలబడిపోయింది.

కారు కింద ఉన్నన్నాళ్ళూ నేను విన్నాను తప్ప చూడలేదు. మాబు నన్ను పెట్టిన అలమర నుంచి మళ్ళీ లోకం చూశాను. అరిగిన క్లచ్చు ప్లేట్లు, పగిలిన అద్దాలు, వేలాడే ట్యూబులు, తలుపు అవతల ఎండ. నాలో మిగిలిన పెట్రోలు కొద్దికొద్దిగా ఆవిరవుతోంది. ఆ కాస్తలోనే కలలు వస్తున్నాయి. ఇప్పుడు సముద్రం చాలా దూరంగా, చాలా నిశ్శబ్దంగా ఉంది.

పంటలు ఇంటికి వచ్చే కాలంలో వాళ్ళిద్దరూ షెడ్డుకు వచ్చారు. రాణిగంజులో వంచిన ముఖమే చూశాను, ఆయన ఇంత పొడుగ్గా ఉంటాడని నాకు తెలియదు. ఆమె ఇంత చిన్నగా ఉంటుందనీ తెలియదు. ఆపరేషను అయింది. ఎడమ కంట్లో మిగిలిన చూపు నిలిచింది. పోయింది తిరిగి రాలేదు, రాదు.

"ఆ గౌళిని ఇట్లియ్యి మాబూ" అంది.

మాబు సారు వైపు చూశాడు. సారు గుమ్మం అవతలే నిలబడి నేల చూస్తున్నాడు. మాబు నన్ను తీసి, గుడ్డతో తుడిచి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి తడిమింది. గొట్టం మూతి, తీగ మొన, నా అడుగున అంటుకుపోయిన రబ్బరు ముక్క. తర్వాత ఎడమ కంటికి దగ్గరగా, చాలా దగ్గరగా పెట్టుకుంది. ఆ కంట్లో నేను నన్ను చూసుకున్నాను. మసిబారిన చిన్న ముద్ద.

"ఇంతేనా?"

"ఇంతే అమ్మా."

"దాన్ని తూకానికేసేయి మాబూ" అన్నాడు సారు గుమ్మం నుంచి. "కండ్ల ముందర ఎందుకు?"

"ఎందుకేయాల?" ఆమె తిరగకుండానే అంది. "ఇదేం చేసింది? సూది కారితే అరిసింది. దాని పని అది చేసింది." నన్ను మాబు చేతికి ఇచ్చింది. "ఎవురి బండికన్నా బిగించప్పా. ఒత్తిడి తగ్గించేది పెట్టి బిగించు."

ఇన్నేళ్ళలో నన్ను గురించి మనిషి అన్న మాటల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే. క్షమించవలసింది నాలో ఏమీ లేదు, అయినా క్షమ దొరికింది. అది కావలసిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

మాబు నన్ను అలమర మీద పెట్టాడు. ఆమె కొంగు సర్దుకుని బయలుదేరింది. గుమ్మం దిగేచోట ఒక ఎత్తు మెట్టు ఉంది. సారు చెయ్యి చాపాడు. ఆమెకు కనిపించే వైపే చాపాడు.

ఆమె గోడ పట్టుకుని దిగింది.